పండగ బీరులో పునుగుల పిండి

ముక్కుతో చేసే ఉద్యోగం

పన్నెండేళ్లు బీరు తయారుచేసేచోట పనిచేసి, ఒక్క గ్లాసు కూడా పూర్తిగా తాగకుండా రిటైరయ్యాను. ఈ మాట అంటే మనవాళ్లు నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి. రోజుకు పాతికసార్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి, బకెట్‌లో ఉమ్మేసిన మనిషికి సాయంత్రం మళ్లీ అదే తాగాలని ఎందుకనిపిస్తుంది? మిఠాయి కొట్టువాడు లడ్డూ తింటాడా?

ఈ మధ్య ఫుడ్ మైక్రోబయాలజీలో ఎమ్మెస్ చేస్తున్న పిల్లలు ఫోన్ చేస్తున్నారు. "ఆంటీ, క్రాఫ్ట్ బ్రూవరీలో క్వాలిటీ జాబ్ వచ్చింది, జాయిన్ అవ్వమంటారా?" అని. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. జీతాల సంగతి, ప్రమోషన్ల సంగతి మీకే బాగా తెలుసు. అవి వదిలేస్తాను.

క్రాఫ్ట్ బ్రూవరీ అంటే పెద్ద ఫ్యాక్టరీ కాదు. మాది కొలరాడోలో, డెన్వర్ నుంచి రెండు గంటలు కొండెక్కితే వచ్చే ఊరు. ఒకప్పుడు గనుల ఊరు, ఇప్పుడు మంచుమీద జారే టూరిస్టుల ఊరు. ఎనిమిది ట్యాంకులు, పదిహేనుమంది మనుషులు, వంటగదంత ల్యాబ్. ల్యాబ్‌లో నేనొక్కదాన్నే. శాంపిల్ తీయడం, వాసన చూడటం, శాంపిల్ చుక్క వేసిన గాజు ప్లేట్ల మీద బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూడటం, చివరికి "సరే" అనో "వద్దు" అనో సంతకం పెట్టడం. "సరే" ఎవరైనా అంటారు. "వద్దు" అనడానికే మనకి ఉద్యోగం ఇస్తారు.

అంతకుముందు గుంటూరు జిల్లాలో ఒక పాల డైరీ ల్యాబ్‌లో ఇరవై ఏళ్లు చేశాను. తెల్లారేసరికి వరసగా పాల క్యాన్లు దిగేవి. మూత తీయడం, ముక్కు పెట్టడం, తీసుకోవాలో తిప్పి పంపాలో చెప్పడం. నా ముక్కు అక్కడ తయారైంది. 2001లో మా ఆయన మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు మీద డెన్వర్ వచ్చారు. ఏడాది తిరక్కుండానే ప్రాజెక్టు పోయింది. మూటాముల్లె సర్దుకునే సమయంలో, పేపర్లో ఈ బ్రూవరీ ప్రకటన చూసి నేనే అప్లై చేశాను.

ఇంటర్వ్యూలో ఓనర్ డేల్ మూడు గ్లాసులు ముందు పెట్టాడు. రెండోది వాసన చూసి, "ఇందులో వెన్న వాసన ఉంది, మా డైరీలో అయితే దీన్ని మెచ్చుకునేవాళ్లు" అన్నాను. అతను తల వెనక్కి వేసి నవ్వాడు. ఆ వాసన బీరులో ఉండకూడని దోషం. నేను కనిపెడతానో లేదో చూడటానికే ఆ గ్లాసు పెట్టాడట. నాకు హెచ్1బి వచ్చింది, మా ఆయన నా మీద డిపెండెంట్ అయ్యారు. ఆయన పనిచేయడానికి వీల్లేదు. మా అమ్మాయితో కలిపి ముగ్గురం నా ఒక్క కాగితం మీద ఈ దేశంలో నిలబడ్డాం.

డెన్వర్‌లో మన గుడికి వెళ్లినప్పుడు మాత్రం ఎవరడిగినా "ఫుడ్ కంపెనీ" అనేదాన్ని. "ఏం చేస్తారండీ అందులో?" అంటే "ధాన్యం" అనేదాన్ని. బార్లీ ధాన్యమే కదా! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, సగం నిజం చెప్పి తప్పించుకునే అలవాటు నాకు అక్కడే బలపడింది. అది మంచి అలవాటు కాదు.

డేల్, రస్

బాసుల గురించి ఒక మాట. డేల్ మంచివాడు, తొందరమనిషి. నేను "వద్దు" అన్న బీరుని ఒక్కసారి కూడా "ఇంకోసారి చూడు" అనలేదు. ఒక వేసవిలో పెళ్లివాళ్లు చెప్పి చేయించుకున్న ట్యాంకు మొత్తం నేను వద్దంటే, తిట్టుకుంటూనే డ్రెయిన్ వాల్వు తనే తిప్పాడు. క్వాలిటీ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మొదట చూసుకోవాల్సింది అలాంటి బాస్ ఉన్నాడా లేడా అని. మైక్రోస్కోప్ ఏ మోడలో తర్వాత చూసుకోవచ్చు. అయితే ఏదైనా తప్పు జరిగితే ఎవరి వల్ల జరిగిందో డేల్‌కి సాయంత్రంలోగా తేలిపోవాలి. తేలకపోతే తనే తేల్చేస్తాడు.

రస్ ట్యాంకులు కడిగేవాడు. అరవైకి దగ్గర పడినవాడు, పొడుగు మనిషి. గనిలో పనిచేసి, గని మూసేశాక ఇక్కడ చేరాడు. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ ప్రశ్నలు అడిగేవాడు. ఈ ఫ్లాస్కులో ఏముంది, దీన్ని వెచ్చగా ఎందుకు పెడతారు, ఆ ప్లేటు మీద చుక్కలేంటి అని. నేను పనిచేసుకుంటూ సగం సగం జవాబులు చెప్పేదాన్ని. ట్యాంకులు కడిగేవాడికి ఇంతకన్నా ఎందుకులే అని నా లోపల ఉండేది. చదువుకున్నవాళ్లకుండే పొగరు అది, నాకూ పుష్కలంగా ఉండేది.

పిండి

నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండగ నాడు మా బ్రూవరీలో ఒక ఆనవాయితీ ఉంది. కుటుంబాలు దూరంగా ఉన్నవాళ్లు, మంచు తోసే బండ్ల డ్రైవర్లు, టూరిస్టుల్ని కొండపైకి చేర్చే లిఫ్టుల దగ్గర పనిచేసేవాళ్లు, మేమూ కలిపి నలభైమంది దాకా ట్యాంకుల మధ్య పొడుగు బల్లలు వేసుకుని మధ్యాహ్నం భోంచేస్తాం. టర్కీ కోడిని డేల్ కాలుస్తాడు. మిగతావాళ్లు తలొక వంటకం తేవాలి. ఏ వంటకానికి ఏ బీరు కుదురుతుందో ముందే వాదించుకుని, గోడమీద కాగితం అంటిస్తారు. గుమ్మడికాయతో చేసే 'పై' అనే తీపి వంటకానికి నల్ల బీరు, టర్కీకి ఎర్ర బీరు. అన్నిటికన్నా ముందు పండగ బీరు. దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి, ఆ పండక్కోసమే ఏడాదికొకసారి చేసే ట్యాంకు. దానికి సంతకం పెట్టినవాళ్లే మొదటి గ్లాసులు అందరికీ పోయాలి. అంటే నేను. తాగని మనిషి పోస్తుంటే వాళ్లకి సరదా.

నాలుగో ఏడు నన్ను పునుగులు తెమ్మన్నారు. ఒకసారి బాక్సులో తీసుకెళ్తే రుచి మరిగారు. బీరుకీ పునుగులకీ ఉన్న స్నేహం నేను కొత్తగా చెప్పక్కర్లేదు. సరే, అక్టోబరు చివర్లో ఒకసారి ట్రయల్ వేద్దామనుకున్నాను. ఇబ్బందల్లా పిండితో. గుంటూరులో రుబ్బి పెడితే పొద్దునకి గిన్నె దాటి గట్టెక్కేది. ఇక్కడ తొమ్మిది వేల అడుగుల ఎత్తులో, ఆ చలిలో, రెండు రోజులైనా రాయిలా ఉండేది. ఓవెన్‌లో లైటు వేసి పెట్టాను, దుప్పటి చుట్టాను. లాభం లేదు.

నా ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ ఉంది. ముప్పై డిగ్రీలు, రాత్రీ పగలూ. శనివారం మధ్యాహ్నం పిండి గిన్నె తీసుకెళ్లి పై అరలో పెట్టాను. కింది అరలో పండగ బీరు కోసం ఈస్ట్ పెంచుతున్న ఫ్లాస్కు ఉంది. పాలకి తోడు ఎలాగో, బీరుకి ఈస్ట్ అలాగ. చిన్న ఫ్లాస్కులో మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, చివరికి ట్యాంకులో కలుపుతాం.

ఇరవై ఏళ్లు డైరీలో పులుపు బ్యాక్టీరియాని పెంచినదాన్ని. ఇక్కడ నాలుగేళ్లుగా దాన్నే చంపుతున్నదాన్ని. మినప్పిండిలో ఉండేది అదేనని నాకు తెలియక కాదు. నా పిండి, నా ఇంటి గిన్నె, నా చేత్తో రుబ్బినది. అది మురికి అనే ఆలోచనే రాలేదు.

ఆదివారం పొద్దున రస్ ఫోన్ చేశాడు. "విజయా, నీ పెట్టె తలుపులోంచి తెల్లగా ఏదో కారుతోంది."

పరిగెత్తాను. పిండి అద్భుతంగా పొంగింది. గిన్నె దాటి, అర దాటి, కింద ఫ్లాస్కు మూతమీద పడింది. అప్పటికే రస్ నేల తుడుస్తున్నాడు.

"ఇదేంటి?"

"మా వంట. పులిసింది."

"బీరులాగా?"

"దాదాపు" అన్నాను, నవ్వి.

ఫ్లాస్కు పైన స్పిరిట్‌తో తుడిచి, మూత రేకు మార్చాను. ఆ ఫ్లాస్కు పారబోయాలి. ఉద్యోగంలో చేరి వారమైన పిల్లకైనా తెలిసిన విషయం. పారబోస్తే మళ్లీ పెంచడానికి ఐదారు రోజులు పడుతుంది, పండగ బీరు ఆలస్యమవుతుంది, ఎందుకని డేల్ అడుగుతాడు, పునుగుల పిండి అని చెప్పాలి. సిగ్గేసింది. లాగ్‌బుక్‌లో ఏమీ రాయలేదు. మంగళవారం ఆ ఈస్టే ట్యాంకులోకి వెళ్లింది.

హాప్స్ అనే చేదు పూలు బాగా వేసిన బీరు అయితే ఆ బ్యాక్టీరియా బతికేది కాదు. పండగ బీరులో చేదు తక్కువ, తీపి ఎక్కువ. వారం తర్వాత నా ప్లేటు మీద రెండు బ్యాక్టీరియా చుక్కలు కనిపించాయి. శాంపిల్ తీసేటప్పుడు నా చెయ్యి తగిలి ఉంటుందిలే అనుకున్నాను. మనకి ఇష్టం లేని ఫలితం వచ్చినప్పుడు టెస్టు తప్పని అనుకోవడం ఎంత తేలికో చూడండి.

రిపోర్టు

పండక్కి ముందు శుక్రవారం డేల్ ట్యాంకు నుంచి గ్లాసు పట్టి రుచి చూశాడు. మొహం మారింది. నాకిచ్చాడు. మజ్జిగ తేటలో దాల్చినచెక్క వేసినట్టుంది.

శనివారం మైక్రోస్కోప్ కింద చూశాను. ఆనాడు మిగిలి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉండిపోయిన పిండి చెంచాడు తెచ్చి, అది కూడా పక్కన పెట్టి చూశాను. రెండింటిలోనూ అవే బ్యాక్టీరియా గొలుసులు. పాత చుట్టాల్లా పలకరించాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగను పట్టాల్సిన ఉద్యోగం కూడా దొంగదే.

సోమవారానికల్లా డేల్ తప్పు రస్‌దేనని తేల్చేశాడు. ఆ వసంతంలో రస్ ఒకసారి ఒక వాల్వు విప్పి కడగడం మర్చిపోయాడు. కాగితం మీద వార్నింగ్ ఇచ్చారు.

"ఇది రెండోసారి" అన్నాడు డేల్. "రస్‌తో చెప్పేశాను. పండగ అయ్యాక మానేయమన్నాను. నువ్వు రిపోర్టు రాసిచ్చెయ్."

"రస్ ఏమన్నాడు?"

"సరే అన్నాడు."

నేను రిపోర్టు రాశాను. "ట్యాంకు శుభ్రతలో లోపం కావచ్చు" అని రాశాను. అబద్ధం రాయలేదని సర్దిచెప్పుకున్నాను, "కావచ్చు" అన్నాను కదా! నా పన్నెండేళ్లలో నేను రాసిన అతి నీచమైన వాక్యం అది.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను.

"చెప్పేద్దామనుకుంటున్నానండీ."

"చెప్తే ఏమవుతుందో ఆలోచించావా? గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసింది వాళ్లే. జాబ్ పోతే మన స్టేటస్ పోతుంది. పిల్ల పదకొండో క్లాసు, మధ్యలో ఎక్కడికి తీసుకెళ్తాం?"

"మరి రస్?"

"వాళ్ల దేశం విజయా. అతనికి ఇంకో జాబ్ దొరుకుతుంది."

ఆయన్ని తప్పు పట్టను. ఆయన అన్నవి నేను అంతకుముందే మనసులో అనుకున్న మాటలే. పైగా అరవైకి దగ్గరపడ్డ మనిషికి, అంత చిన్న ఊళ్లో, బీరు పాడుచేశాడన్న పేరుతో ఉద్యోగం ఎవరిస్తారో మా ఇద్దరికీ తెలుసు.

మంగళవారం అలాగే గడిచింది. రస్ ఎదురుపడినప్పుడల్లా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకై నేనే ఏదో ఒకటి వాగేదాన్ని. మంచు గురించి, టైర్ల గురించి. అతనికి బ్యాక్టీరియా సంగతి ఏం తెలుసులే అన్నదొక్కటే ధైర్యం.

బుధవారం మధ్యాహ్నం బల్లలు మోస్తున్న రస్ ఆగి ల్యాబ్ తలుపు దగ్గరికొచ్చాడు.

"రేపటికి నీ పిండి పులియబెట్టాలి కదా. బాయిలర్ గదిలో ఒక అర ఖాళీ చేసి తుడిచాను. అక్కడ వెచ్చగా ఉంటుంది. ఈసారి ఇక్కడ పెట్టొద్దు."

అంతే చెప్పి బల్ల ఎత్తుకుని వెళ్లిపోయాడు. అతనికి తెలుసు. నేల తుడిచిన రోజునుంచీ లెక్క కట్టుకున్నాడు. నేను చెప్పిన సగం సగం జవాబులన్నీ కలుపుకుంటే అతనికి పూర్తి పాఠమే అయింది.

అప్పుడైనా వెంటనే చెప్పాలి. చెప్పలేదు. పిండి తీసుకెళ్లి అతను తుడిచిన అరలో పెట్టి ఇంటికి వెళ్లాను.

భోజనం

గురువారం పన్నెండింటికి బ్రూవరీ వెనక పెరట్లో డేల్ టర్కీ కాలుస్తున్నాడు. వెళ్లి నిలబడి మొత్తం చెప్పాను. పిండి, ఫ్లాస్కు, లాగ్‌బుక్, ప్లేటు మీద చుక్కలు, రిపోర్టు. ఒక విషయం ఒప్పుకోవాలి. రస్‌కి తెలుసని నాకు తెలిశాకే చెప్పాను. అందులో నా గొప్పతనం ఏమీ లేదు.

డేల్ అరుస్తాడనుకున్నాను. అతను పొయ్యి మూత మూశాడు.

"ఫ్లాస్కు సంగతి నాకు అర్థమవుతుంది" అన్నాడు. "నేనూ అలాంటివి చేశాను. రిపోర్టు అర్థం కావడం లేదు."

డేల్ పటకారు పక్కన పెట్టాడు.

"నీ ఉద్యోగం గురించి సోమవారం మాట్లాడదాం. ఇప్పుడెళ్లి రస్‌తో చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పు."

రస్ లోపల కుర్చీలు వేస్తున్నాడు. దగ్గరికెళ్లి, "ట్యాంకు బాగానే కడిగావు. తప్పు నాది. డేల్‌తో చెప్పేశాను. నువ్వు మానేయక్కర్లేదు" అన్నాను.

అతను చేతిలో కుర్చీ తెరిచి, సరిగ్గా నిలబెట్టాడు.

"నీకు తెలిసి కూడా డేల్‌తో ఎందుకు చెప్పలేదు?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అది నువ్వు చెప్పాల్సింది" అన్నాడు. "సోమవారం చెప్తావనుకున్నాను. తర్వాత మంగళవారం చెప్తావనుకున్నాను."

కోపంగా అనలేదు. వారంలో రోజులు చెప్పినట్టు చెప్పాడు. నాకు ఏడుపొచ్చింది. మొహం కడుక్కుని వచ్చి పునుగులు వేయడం మొదలుపెట్టాను.

రెండింటికి అందరూ కూర్చున్నారు. పండగ బీరు లేదు. డేల్ లేచి, "ఈ ఏడు ట్యాంకు పోయింది, అందుకని ఎర్ర బీరుతో మొదలుపెడదాం" అన్నాడు. ఎవరి వల్ల పోయిందో చెప్పలేదు. ఆనవాయితీ ప్రకారం నన్నే పోయమన్నాడు. జగ్గు పట్టుకుని బల్ల పొడుగునా పోసుకుంటూ వెళ్లాను. పునుగులు ఎగబడి తింటున్నారు, అల్లప్పచ్చడి ఘాటుకి కళ్లు తుడుచుకుంటున్నారు, జోకులు వేస్తున్నారు. రస్ దగ్గరికి వచ్చేసరికి అతను గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నేను పోసుకుంటాను" అన్నాడు, మామూలుగా. నేను పక్క మనిషికి పోశాను.

నా ఉద్యోగం పోలేదు. ఆరు నెలలు నా ప్రతి ప్లేటూ డెన్వర్‌లో ఇంకో ల్యాబ్‌కి పంపి సరిచూశారు. ఆ రిపోర్టు వెనక్కి తీసుకుని, నా చేత్తో ఇంకోటి రాసి, సంతకం పెట్టి, రస్ ఫైల్లో వేయించాను. ఈ రోజుల్లో అలాంటి ట్యాంకుని పుల్ల బీరు అని పేరు పెట్టి ఎక్కువ ధరకి అమ్ముకోవచ్చు కదా ఆంటీ అని పిల్లలు అడుగుతారు. అమ్మొచ్చు, కావాలని పులియబెడితే.

రస్ నాతో ఆ తర్వాత కూడా బాగానే ఉన్నాడు. రోజూ పలకరించేవాడు. మంచులో నా కారు ఆగిపోతే వచ్చి బ్యాటరీ కలిపి స్టార్ట్ చేసేవాడు. మా అమ్మాయి గ్రాడ్యుయేషన్‌కి కోటు వేసుకుని వచ్చాడు. మళ్లీ ప్రశ్నలు అడిగాడు, ఈసారి నేను పూర్తి జవాబులు చెప్పాను. రిటైరయ్యేలోపు ఇంకా ఎనిమిది పండగలకి ఆ బల్ల పొడుగునా నేనే పోశాను. ఎనిమిదిసార్లూ రస్ తన గ్లాసు తనే నింపుకున్నాడు.